గాస్టైన్ వేడినీటి వసతిలో మూడు వారములు

నడివయస్సు దాటినవారిలో మోకాళ్లనొప్పి నెరుగనివారు అరుదు. పీటమీద కూర్చుండి లేవలేకపోవుట, గుడిమెట్లు ఎక్కునప్పుడు ప్రక్కవాని భుజము పట్టుకొనుట, తెల్లవారుజామున ముడిచిన కాలు చాచుటకు తంటాలు పడుట - ఇవి మనలో అనేకులకు నిత్యానుభవములు. వీనికొరకు మనము తైలములు రాచికొందుము, కాపడము పెట్టుకొందుము, మాత్రలు మ్రింగుదుము. ఐరోపా ఖండమున అనేకులు ఈ బాధకు కొండలలోని వేడినీటి ఊటలను ఆశ్రయింతురు. అట్టి ఊటలు గల యొక ఊరిలో, ఒక హోటలులో, నేను మూడు వారములు అతిథిగా నుంటిని. అచ్చట చూచినదియు, నా దేహమున పరీక్షించి తెలిసికొన్నదియు నేడు మీకు నివేదించెదను.

ఆ ఊరి పేరు బాడ్ గాస్టైన్. ఆస్ట్రియా దేశమున, సాల్ట్స్‌బుర్గ్ రాష్ట్రమున, ఆల్ప్సు పర్వతములలో, సముద్రమట్టమునకు సుమారు 1000 మీటర్ల యెత్తున నున్నది. జర్మను భాషలో బాడ్ అనగా స్నానము. స్నానవైద్యమునకు ప్రసిద్ధికెక్కిన ఊళ్ల పేళ్లకు ముందు ఆ మాట చేర్చుట వారి వాడుక. నా పెద్దకుమారుడు జర్మనీలో మ్యూనిక్ నగరమున ఉద్యోగము చేయుచున్నాడు. నేను వానిని చూడబోయినప్పుడు, నా నడక చూచి, “నాన్నగారూ, ఈ మోకాళ్లతో ఊరికి మరలి పోవద్దు, గాస్టైన్ నీటిని ఒకమారు చూడుడు” అని పట్టుపట్టి రైలులో నన్ను అచ్చటికి తీసికొనిపోయెను.

ఆ ఊరికి రైలు 1905లో వచ్చెను. కొండ క్రిందుగా సొరంగము తొలిచి 1909లో మార్గమును దక్షిణమునకు సాగించిరి. అంతకుముందు రోగులు గుఱ్ఱపుబండ్లలో లోయవెంబడి వచ్చుచుండిరి. లోయ మిక్కిలి ఇరుకు. ఆ ఇరుకున ఒక ఏరు మూడు అంచెలుగా, మొత్తము 341 మీటర్లు క్రిందికి దుముకుచు ఊరి నడిబొడ్డునుండి పోవును. మన కుంతాల జలపాతము అడవిలో నున్నది. చూడదలచినవారు అడవికి పోవలయును. ఇచ్చట జలపాతము బజారులోనే యున్నది. వంతెనమీద నిలిచినవారి మొగముపై తుంపరలు పడుచుండును. దానికి ఇరుప్రక్కల, కొండచరియకు అంటించినట్లు, పెక్కు అంతస్తుల మేడలు నిలిచియున్నవి. నేను దిగిన హోటలులో వీధిగుమ్మము నాలుగవ అంతస్తులో నుండెను. భోజనశాలకు రెండంతస్తులు, స్నానశాలకు మూడంతస్తులు దిగవలయును. మోకాళ్లనొప్పితో వచ్చువారికి ఇట్టి యూరు ఏర్పడుట వింతగా తోచును గాని, ప్రతి మేడకును లిఫ్టులున్నవి.

హోటలు గొప్పది కాదు, మధ్యతరగతివారికి తగినది. గదిలో నొక మంచము, ఒక బల్ల, లోయవైపు తెరచుకొను కిటికీ. మొదటిరాత్రి జలపాతపు హోరుకు నిద్ర పట్టలేదు. మూడవరాత్రికి ఆ హోరు లేక నిద్ర పట్టదేమో అన్నంతగా అలవాటయ్యెను. మాంసము ముట్టనివానినగుటచే ఆహారమును గూర్చి మొదట కొంత సందేహించితిని. కాయగూరల సూపు, ఉడికిన బంగాళాదుంపలు, గోధుమపిండి ముద్దలలో చీజు కలిపి చేసిన వంట పెట్టిరి. కారము లేదు, పులుపు లేదు. కడుపునకు మాత్రము హాయిగా నుండెను.

ఇక నీటి మాట. ఆ ఊరిలో పదునేడు, పదునెనిమిది ఊటలున్నవి. అన్నియు కలిసి దినమునకు సుమారు 50 లక్షల లీటర్ల నీటి నిచ్చును. కొండలమీద కురిసిన వానయు, కరగిన మంచును రాతిపగుళ్లలో దిగి, భూగర్భపు వేడికి కాగి, మరల పైకి వచ్చును. ఊటయొద్ద నీటి వేడి కొన్నిచోట్ల 46 డిగ్రీల వఱకు నుండును. అంత వేడిలో స్నానము చేయరాదు గనుక, చల్లార్చి గొట్టముల ద్వారా హోటళ్లలోని తొట్టెలకు పంపుదురు. నీరు స్ఫటికమువలె తేటగా నుండును. గంధకపు వాసన లేదు, ఉప్పు రుచి లేదు. చూచుటకు మన కాగులోని వేడినీటికిని దానికిని భేదము కానరాదు.

భేదము కంటికి కానరానిచోట నున్నది. ఆ కొండరాళ్లలో స్వల్పముగా యురేనియమున్నది. అది కాలక్రమమున రేడియముగా మారును. రేడియమునుండి రేడాన్ అను వాయువు పుట్టును. ఈ వాయువునకు రంగు లేదు, వాసన లేదు. గాని రేడియమువలెనే కంటికి అగపడని కిరణములను వెదజల్లును. అది ఊటనీటిలో కరగి వచ్చుచున్నదని 20వ శతాబ్దారంభమున శాస్త్రజ్ఞులు కనుగొనిరి. తొట్టెలో కూర్చున్నవాని చర్మముగుండను, ఊపిరిగుండను ఆ వాయువు కొంత దేహములో ప్రవేశించి, కొన్ని గంటలలో ఊపిరితోనే వెడలిపోవును. గాస్టైన్ నీటి మహిమ ఇదియే యని అచ్చటివారు చెప్పుదురు.

ఈ మాట వినగానే నాకు సందేహము పుట్టెను. ఇదే రేడాన్ వాయువు ఇండ్లలో నిలువయైనచో ఊపిరితిత్తులలో పుట్టకురుపు కలిగించునని ప్రపంచ ఆరోగ్యసంస్థ హెచ్చరించుచున్నది. పెక్కు దేశములలో ఆ వ్యాధికి పొగత్రాగుట తరువాత ముఖ్యకారణము ఇదియే. నేలక్రింది గదులలో ఈ వాయువు చేరినచో యంత్రములు పెట్టి బయటికి తోలుదురు. ఒకచోట సొమ్ము వెచ్చించి తరిమివేయుదానిని, మరియొకచోట సొమ్ము చెల్లించి పీల్చుట ఎట్టి వైద్యము? ఈ ప్రశ్నకు సమాధానము దొరకనిదే తొట్టెలో కాలు పెట్టనని కుమారునితో చెప్పితిని.

మరునాడు వైద్యురాలు నన్ను పరీక్షించెను. గుండెను, రక్తపుపోటును చూచెను. మోకాళ్ల ఎక్స్‌రే పటములను దీపము ముందు పెట్టి పరిశీలించెను. నా ప్రశ్నను కుమారుడు జర్మనులో చెప్పగా ఆమె కోపగింపక ఇట్లనెను: “మీరు అడిగినది సరియైన ప్రశ్నయే. మేము ఇచ్చు మోతాదు కొద్ది, కాలము కొద్ది. ఐనను అపాయము లేనే లేదని నేను చెప్పజాలను. దినదినము గట్టిమందులు మ్రింగినగాని కదలలేని రోగికి ఈ కొద్దిపాటి అపాయము లాభసాటి బేరము కావచ్చును. మీ మోకాళ్లకు నీటిస్నానము చాలును, సొరంగము అక్కరలేదు. ఇంకొక మాట. అరిగిన మెత్తని ఎముకను ఈ నీరు మరల మొలిపింపదు. నొప్పిని తగ్గింపవచ్చును. తగ్గినప్పుడు మీరు నడువవలయును. నడువనిచో ఇంతదూరము వచ్చుట వ్యర్థము.” లేని మహిమను చెప్పి రోగిని ఆకర్షింపని ఆ మాట నాకు నమ్మిక కలిగించెను. స్నానమునకు ఒప్పుకొంటిని.

ఆమె విధించిన నియమము ఇది. ఉదయము స్నానము. నీటి వేడి 37 డిగ్రీలు, అనగా మన దేహపు వేడి. కాలము ఇరువది నిమిషములు. అంతకు మించి ఒక్క నిమిషమైనను ఉండనీయరు. పరిచారిక గడియారము చేతబట్టుకొని వచ్చి లేపును. లేచినపిదప ఒడలు తుడిచికొని, దుప్పటి చుట్టుకొని, అరగంట కదలక పండుకొనవలయును. ఆ అరగంట స్నానమంత ముఖ్యమని చెప్పిరి. రెండుదినములు స్నానము, మూడవదినము విరామము. ప్రొద్దెక్కినపిదప ఒక వ్యాయామశిక్షకుడు పదిమందిని చేర్చి కుర్చీలమీద కూర్చుండబెట్టి, కాలు చాచుట, మడుచుట, తొడకండరములు బిగించుట నేర్పును. సాయంకాలము నడక. కొండచరియవెంట చదునుగా తీర్చిన యొక బాట కలదు. ఆ ఊటలకు పలుమార్లు వచ్చిన జర్మను చక్రవర్తి మొదటి విల్‌హెల్ము పేర దానిని పిలుతురు. కొంతదూరమునకొక బల్ల వేసియున్నది. మొదటిదినము మొదటి బల్లవఱకే పోగలిగితిని. రాత్రిభోజనము ఆరున్నరకు, తొమ్మిదింటికి దీపములార్పుట.

ఆ స్నానశాలలో సానా అను వేడిగది కూడ నుండెను. కొయ్యపలకలతో కట్టిన ఆ గదిలో వేడిరాళ్లమీద నీరు చల్లి చెమట పట్టింతురు. అందులోనికి స్త్రీలును పురుషులును నూలుపోగు లేక కలిసి కూర్చుండుట అచ్చటి ఆచారము. వారికి అందులో సిగ్గును లేదు, చెడుతలపును లేదు. కాని నా పెంపకము వేరు. తలుపుమీది నిబంధనలను కుమారుడు చదివి చెప్పగానే, “నాయనా, నా చెమట నడకలో పట్టగలదు” అని గుమ్మమునుండియే మరలితిని.

నా ప్రక్కగదిలో ఒక వృద్ధుడుండెను. అతడు జర్మనీలో రైలు నడిపి విశ్రాంతి పొందినవాడు. వెన్నుపూసలు క్రమముగా ఒకదానికొకటి అతుకుకొనిపోవు వ్యాధి అతనికి యౌవనముననే పట్టెను. మెడ త్రిప్పలేక మొత్తము దేహమును త్రిప్పి మాటలాడును. అతడు తొట్టెస్నానమునకుగాక సొరంగమునకు పోవుచుండెను. ఆ సొరంగపు చరిత్ర వినదగినది.

గాస్టైన్ లోయలో పూర్వకాలమునుండి బంగారపు గనులున్నవి. 16వ శతాబ్దమున ఆ గనులవలన గొప్ప ధనవంతులైన కుటుంబములు అచ్చట వెలసెను. 1940వ సంవత్సరము తరువాత, యుద్ధకాలమున, మరల బంగారమునకై బోక్‌స్టైన్ అను పల్లెయొద్ద కొండలోనికి సొరంగము త్రవ్విరి. లాభసాటియగు బంగారము దొరకలేదు. లోనికి పోయినకొలది వేడి పెరిగెను. గనిపనివారు ఆ వేడిలో కష్టించి బయటికి వచ్చి, తమ కీళ్లనొప్పులు తగ్గినవని చెప్పుకొనసాగిరి. ఆ మాట శాస్త్రజ్ఞుల చెవి బడెను. వారు పరీక్షింపగా లోపలిగాలిలో రేడాన్ ఉన్నట్లు తేలెను. 1952లో ఆ సొరంగము వైద్యశాలగా మారెను. ఇప్పుడు చిన్నరైలు రోగులను సుమారు రెండు కిలోమీటర్లు లోనికి తీసికొనిపోవును. అచ్చట వేడి 37 మొదలు 41 డిగ్రీలకు పైగా నుండును. గాలి తేమతో నిండియుండును. మంచములమీద దాదాపు గంటసేపు పండుకొని మరల రైలెక్కి వచ్చెదరు. బంగారమునకై త్రవ్విన త్రోవలో రోగులు పండుకొనియున్నారు.

“నీకు నిజముగా గుణమిచ్చుచున్నదా?” అని ఆ వృద్ధుని అడిగించితిని. అతడు, “వ్యాధి పోలేదు, పోదు. గాని ఇచ్చటినుండి పోయిన తరువాత కొన్నినెలలు మాత్రలు సగమునకు తగ్గించుకొందును. పాదరక్షల త్రాళ్లు నేనే కట్టుకొందును. ఆ సుఖము నీకు చిన్నదిగా తోచవచ్చును” అనెను. నాకు చిన్నదిగా తోచలేదు. పంచె కట్టుకొనుటకు ఇతరుల సాయము కోరవలసివచ్చిన ముసలివానికి ఆ మాట విలువ తెలియును.

ఈ విషయమున ఒక చక్కని పరిశోధన జరిగినది. నెదర్లాండ్సు దేశపు వైద్యులు ఆ వెన్నెముకవ్యాధి గల 120 మందిని మూడు సమభాగములు చేసిరి. ఒక భాగమును గాస్టైన్ లోయకు పంపిరి. వీరికి వ్యాయామము, నడక, నీటిచికిత్స, సొరంగవాసము. రెండవ భాగమును తమ దేశములోనే యొక స్నానవసతికి పంపిరి. వీరికి అవే వ్యాయామములు, అదే నడక, సొరంగమునకు బదులు సానా. మూడవ భాగమువారు ఇంటియొద్దనే యుండి మామూలు మందులును, వారమునకొకమారు వ్యాయామమును సాగించిరి. మూడు వారముల పిదప చూడగా, ఇంటనున్నవారికంటె రెండు వసతులవారును మేలుగా నుండిరి. సొరంగమునకు పోయినవారికి ఆ మేలు మరికొంతకాలము నిలిచెను. ఈ ఫలితములు 2001లో ప్రకటింపబడెను. దీనినిబట్టి నేను గ్రహించినది: నీటికో, గాలికో కొంత గుణము ఉండవచ్చును, గాని రేడాన్ లేనిచోట కూడ రోగులకు గుణము కనబడినది గదా! మేలులో పెద్దపాలు నియమమునకు చెందవలయును. మూడు వారములు ఇంటిచింత మాని, వేళకు తిని, వేళకు నిద్రించి, దినదినము కీళ్లు కదల్చినవానికి దేహము కృతజ్ఞత చూపును.

ఈ ఊరితో మన దేశమునకొక సంబంధము కలదు. సుభాస్ చంద్రబోసుగారు చెరసాలలో ఆరోగ్యము చెడి 1933లో చికిత్సకై ఐరోపాకు పోయిరి. 1935లో వియన్నా నగరమున వారికి పిత్తాశయమునకు శస్త్రచికిత్స జరిగెను. పిదప 1936లో స్వదేశమునకు మరలుటకు ముందు గాస్టైన్‌లో వసించిరి. బొంబాయిలో ఓడ దిగగానే ప్రభుత్వము వారిని మరల నిర్బంధించెను. విడుదలయైన పిదప 1937 చివర మరల ఈ ఊరికే వచ్చిరి. డిసెంబరు మాసమున పది దినములలో తమ స్వీయచరిత్రలో పది ప్రకరణములు ఇచ్చట వ్రాసిరి. ఆ గ్రంథమునకు ‘భారతీయ యాత్రికుడు’ అని అర్థమిచ్చు ఆంగ్లనామము. వారి వ్రాతపనికి తోడ్పడిన ఎమిలీ షెంకెల్ అను వియన్నా వనితను అప్పుడే ఇచ్చట వివాహమాడిరని, ఆమె చెప్పినదానినిబట్టి చరిత్రకారులు వ్రాసియున్నారు. కొన్ని వారములకే, 1938 ఫిబ్రవరిలో, వారు హరిపుర కాంగ్రెసునకు అధ్యక్షత వహించిరి. ఆ చదునుబాట మీద నడుచునప్పుడు ఈ సంగతి నాకు పలుమార్లు జ్ఞప్తికి వచ్చుచుండెను. పోరాటమునకు పోవు మనిషికి కూడ దేహమును చక్కబరచుకొను విరామము వలసివచ్చెను. ఆ విరామమును ఆయన వ్యర్థపుచ్చలేదు.

రాజులును మంత్రులును వచ్చిన ఊరు గనుక వైభవమునకు కొదవలేదు. 1865 ఆగస్టులో ఆస్ట్రియా, ప్రషియా రాజ్యముల నడుమ ఒడంబడిక ఇచ్చటి స్ట్రౌబింగర్ హోటలులో జరిగెను; మరుసటి యేటనే ఆ రెండు రాజ్యములును యుద్ధమునకు దిగెను. అట్టి హోటలును, దాని ప్రక్కనున్న స్నానభవనమును అనేక సంవత్సరములు తలుపులు మూసి, కిటికీలు పగిలి పాడుపడియుండెను. 2017లో రాష్ట్రప్రభుత్వము ఆ భవనములను కొని, పిదప వేరొకరికి అమ్మెను. బాగుచేయబడి 2023లో అవి మరల తెరువబడెను. మేడలు మూతపడిన ఆ దినములలోను ఊటలు ఆగలేదు; చిన్నహోటళ్లలో ముసలివారు గడియారము చూచికొని తొట్టెలలో కూర్చుండుట మానలేదు.

ఇక నా సంగతి. మొదటివారము నొప్పి తగ్గకపోగా కొంత పెరిగెను. అది సామాన్యమే యని వైద్యురాలు చెప్పెను. రెండవవారము మధ్యనుండి తెల్లవారుజామున కాలు సులువుగా సాగెను. మూడవవారము చివర చదునుబాటలో ఎనిమిదవ బల్లవఱకు ఆగక పోగలిగితిని. మెట్లు దిగునప్పుడు కమ్మి పట్టుకొనక తప్పలేదు; పీటమీద కూర్చుండుట సాధ్యము కాలేదు. స్వదేశమునకు వచ్చిన రెండు మాసములకు నొప్పి కొంత మరల వచ్చెను. కాని నడక నిలిచెను, కుర్చీ వ్యాయామము నిలిచెను. నేడును దినమునకు రెండుమారులు చెరువుకట్ట మీద నడుచుచున్నాను. మూడేండ్ల క్రిందట అది నా వలన కాని పని.

మీలో అనేకులకు అంతదూరము పోవుట సాధ్యము కాదు. పోవలసిన అవసరమును లేదు. వేడినీటి ఊటలు మన నేలలోను లేకపోలేదు. భద్రాచలము దాపున గుండాల యొద్ద గోదావరి ఇసుకను త్రవ్వినచో వెచ్చనినీరు ఊరును. భక్తులు దానిని తీర్థముగా భావింతురు. ఊటనీటిలో దిగదలచినవారు మొదట చేతితో వేడిని పరీక్షింపవలయును. ఇంటిలోనైనను మోకాలు మునుగు తొట్టెలో గోరువెచ్చని నీరు పోసికొని, ఇరువది నిమిషములకు మించక కూర్చుండి, పిమ్మట అరగంట పండుకొనుట ఎవరికైనను సాధ్యమే. గుండెజబ్బు, రక్తపుపోటు, మధుమేహము గలవారు ముందు వైద్యుని అడుగవలయును. మధుమేహముచే కాలికి స్పర్శ తగ్గినవారు తమ కాలిని నమ్మక, నీటి వేడిని ఇంటిలో వేరొకరిచే చూపించుకొనవలయును.

తొట్టె దిగినపిదప నడువుడు. మొదటిదినము ఎదురింటి అరుగువఱకు, వారము గడచినపిదప రచ్చబండవఱకు. నొప్పి హెచ్చినచో ఒకదినము విరామ మిచ్చి, మరునాడు మరల లేవుడు. ఇంటిలోని పిన్నలు, “తాతయ్యా, కదలక కూర్చుండుము, మేము తెచ్చి పెట్టెదము” అని ప్రేమతో చెప్పుదురు. వారి ప్రేమను స్వీకరించి, మంచినీళ్ల చెంబు మాత్రము మనమే లేచి తెచ్చుకొందము.